ఎండలో పుట్టిన విషము: హాగెన్‌స్మిట్ జీవితకథ

పంచభూతములలో వాయువునకు ఒక విశేషము కలదు. నేలను కొలిచి గట్లు వేసికొందుము. నీటికి కాలువలు త్రవ్వి వంతులు పెట్టుకొందుము. నిప్పును పొయ్యిలో అణచి ఉంచుకొందుము. గాలికి మాత్రము గట్టును లేదు, వంతును లేదు. ఒక యింట వదలిన పొగ పొరుగింటి పసిబిడ్డ ఊపిరిలోనికి పోవును. అయినను, ఊరి గాలి చెడినదని తెలిసినప్పుడు జనులు మొదట చేయు పని తమది కాని పొగగొట్టమును ఒకదానిని వెదకి చూపుట. అమెరికా దేశమున లాస్ ఏంజిలిస్ మహానగర వాసులు ఈ విధముగనే ఎదుటివారి పొగగొట్టములను చూపుచున్న కాలమున, దోషములో పెద్దపాలు వారి వారి వాకిళ్లలో నిలిచియున్న మోటారుకారులదే యని ప్రయోగపూర్వకముగా నిరూపించిన శాస్త్రజ్ఞుడు ఆరీ యాన్ హాగెన్‌స్మిట్.

వేసవి యెండలో నగరముల పైని గాలిలో ఓజోను ఎట్లు పుట్టునో లోకమునకు మొదట తెలిపినవాడు ఆయనయే. పుట్టుకచే ఆయన హాలండు దేశస్థుడు. వృత్తిచే మొక్కల రసాయనములను శోధించినవాడు. చెట్ల నూనెలు, పండ్ల పరిమళములు, మొలకలను పెంచు రసములు ఆయనకు ప్రియమైన విషయములు. ఏబది యేండ్ల వయసు సమీపించుచుండగా వానిని ప్రక్కకు నెట్టి, కండ్లు మండించు నగరపు గాలిని పరిశోధించుటకు పూనుకొనెను. ఆ పూనిక ఎందులకు కలిగినదో, దానికై ఆయన ఏమి విడిచెనో, ఏమి సాధించెనో ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగియున్నది.

టంకశాల బాలుడు

హాగెన్‌స్మిట్ 1900 డిసెంబరు 22వ తేదీన హాలండులోని యూట్రెక్టు నగరమున జన్మించెను. తండ్రి అచ్చటి టంకశాలలో రసాయనజ్ఞుడు. నాణెములకు ఉపయోగించు లోహము మేలిమి ఎంతయో పరీక్షించి తేల్చుట టంకశాల రసాయనజ్ఞుని ధర్మము. అచ్చట ఉజ్జాయింపు పనికిరాదు. కంటికి ఇంపుగా మెరసినంతమాత్రమున వెండి మంచిదని ఒప్పుకొనుటకు వీలు లేదు. కరగించి, తూచి, లెక్క తేల్చవలెను. పరీక్ష చేయనిదే ఏ మాటను నమ్మని గుణము హాగెన్‌స్మిట్ జీవితమంతటను కనిపించును.

యూట్రెక్టు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము నభ్యసించి, 1929లో డాక్టరు పట్టము పొందెను. ఆయన పరిశోధనకు ఎన్నుకొన్న విషయము సెస్క్విటర్పీనులు అను పదార్థముల కుటుంబము. పేరు కొత్తగా తోచినను వస్తువు మనకు కొత్తది కాదు. మన చందనపు నూనెకును, వట్టివేరుకును వాసన నిచ్చు ద్రవ్యములు ఈ కుటుంబమునకు చెందినవే. ఇవి సులభముగా ఆవిరియై గాలిలో కలియును. కొలది పాళ్లలోనే ముక్కునకు తగులును. వీనిని విడదీయుట నేర్చినవానికి గాలిలో తేలియాడు అతిసూక్ష్మ పదార్థములను పట్టుకొను నేర్పు అలవడును. ఆ నేర్పు ఇరువది యేండ్ల తరువాత ఎట్టి పనికి ఉపకరించునో అప్పుడు ఎవరికిని తెలియదు.

ఆ దినములలో యూట్రెక్టు వృక్షశాస్త్రమునకు ప్రసిద్ధికెక్కిన స్థానము. కిటికీ ప్రక్క నుంచిన మొక్క వెలుతురు వైపునకు వంగుటను ప్రతి విద్యార్థియు ఎరుగును. ఆ వంపునకు కారణము మొలక చివర తయారగు ఒక రసమని ఫ్రిట్స్ వెంట్ అను యువశాస్త్రజ్ఞుడు ఆ నగరముననే ఓటు ధాన్యపు మొలకలతో ప్రయోగములు చేసి చూపెను. ఆ రసము ఏ పదార్థమో తేల్చుట రసాయనజ్ఞుల వంతయినది. ఫ్రిట్స్ కోగెల్ అను ఆచార్యుడు, ఎర్క్స్‌లెబెన్ అను మహిళ, హాగెన్‌స్మిట్ కలసి శ్రమించి, 1934లో ఇండోల్ అసిటిక్ ఆమ్లము అను వృద్ధికారక ద్రవ్యమును వేరుచేసిరి. అంటుకొమ్మలకు వేళ్లు పుట్టించుటకు నేటి తోటమాలులు వాడు పొడులకు మూలము ఈ జాతి ద్రవ్యములే.

పాసడీనాకు ప్రయాణము

1936లో ఆయన అమెరికాకు వెళ్లి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక యేడు బోధించెను. 1937లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థకు చేరెను. ఫ్రిట్స్ వెంట్ అప్పటికే అచ్చట నుండెను. 1940లో హాగెన్‌స్మిట్ జీవరసాయన విభాగమున పూర్తి ఆచార్యుడయ్యెను. ఆ సంస్థ యున్న పాసడీనా పట్టణము లాస్ ఏంజిలిసునకు ఈశాన్యమున, శాన్ గాబ్రియెల్ కొండల పాదమున నున్నది. మిగిలిన జీవితమంతయు ఆయన అచ్చటనే గడపెను.

మొదటి పదేండ్లును మొక్కలతోడనే గడచెను. చిక్కుడుకాయకు గాయము తగిలినచోట కణములు తిరిగి పెరుగుటకు కారణమైన ద్రవ్యమును సహచరులతో కలసి వేరుచేసెను. సరళవృక్షముల జిగురునుండి తీసిన టర్పెంటైనులో నేమేమి కలవో అటవీశాస్త్రజ్ఞుడు నికొలస్ మీరోవ్ మొదలగువారితో కలసి జాతి జాతికి పరీక్షించెను. అనాసపండు వాసనకు మూలమేదియో వెదకెను. పండును కోసినప్పుడు గది యంతయు నిండు పరిమళము తూకమునకు అందనంత స్వల్పము. కావున పండ్లను పెద్దమొత్తమున తెప్పించి, వాని ఆవిరులను మిక్కిలి చల్లని గొట్టములలో గడ్డకట్టించి, ఆ కొలది చుక్కలను ఒక్కొక్క పదార్థముగా విడదీయవలసి వచ్చెను. ఈ పరిశోధనా ఫలితములు 1945లో వెలువడెను. పరిమళములను ఇట్లు పట్టు విద్యయే ఆయనను దుర్గంధము వైపునకు నడపినది.

నగరముపై కమ్మిన తెర

లాస్ ఏంజిలిస్ నెలకొన్న నేల ఒక పళ్లెరము వంటిది. పడమట పసిఫిక్ మహాసముద్రము. ఉత్తరమునను తూర్పునను ఎత్తయిన కొండలు. వేసవిలో సముద్రము మీది చల్లని గాలి నేలనంటి లోనికి వచ్చును. దానిపై వేడిగాలి పొర మూతవలె కూర్చుండును. క్రింది గాలి పైకి లేవజాలక కొండల నడుమ నిలిచిపోవును. ఇది నేటి సంగతి కాదు. 1542లో స్పెయిను దేశము తరఫున ఆ తీరమునకు ఓడపై వచ్చిన కబ్రీయో అను నావికుడు, ఆదివాసులు రగిల్చిన మంటల పొగ తీరముపై నిలిచియుండుట చూచి, ఆ అఖాతమునకు పొగల అఖాతమని పేరు పెట్టెను.

నాలుగు శతాబ్దముల తరువాత, 1943 జూలై 26వ తేదీన, ఆ నగరముపై వింతయైన తెర కమ్మెను. మూడు వీధుల కవతలి మేడలు కానరావయ్యెను. జనులకు కండ్లు మండి నీరు కారెను. గొంతు గీరుకొని దగ్గు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచున్న రోజులగుటచే శత్రువులు విషవాయువును ప్రయోగించిరేమో యని కూడ కొందరు భయపడిరి. పిమ్మట నగర మధ్యమున కృత్రిమ రబ్బరునకు ముడిపదార్థము తయారుచేయు కర్మాగారమొకటి అనుమానమునకు పాత్రమయ్యెను. దానిని ఆపించిరి, తెర తొలగలేదు. 1944 మొదలుకొని చుట్టుపట్ల పొలములలో ఆకుకూరలు పాడగుట కనిపించెను. కొలిమిపొగ, చెత్తకుప్పల పొగ, నూనెశుద్ధి కర్మాగారముల గంధకపు పొగ ఒక్కొక్కటియే దోషిగా నిలిచెను. బొగ్గుపొగను అణచి సెయింట్ లూయిస్ నగరమును బాగుచేసిన రేమండ్ టక్కర్ అను నిపుణుని రప్పించి సలహా లడిగిరి. 1947లో కాలుష్య నియంత్రణకు జిల్లా సంస్థయొకటి ఏర్పడి, గంధకపు పొగను తగ్గించుటకు పూనుకొనెను. అయినను కండ్లమంట మానలేదు.

పొగ, మంచు అను రెండు ఆంగ్లపదములను కలిపి ఇంగ్లండులో ఎన్నడో కల్పించిన స్మాగ్ అను పేరునే ఈ తెరకును పెట్టిరి. పేరొకటే గాని వస్తువులు వేరు. లండను స్మాగ్ శీతకాలపు మంచులో బొగ్గుపొగ చేరగా ఏర్పడును. 1952 డిసెంబరులో అట్టి పొగమంచు వేలాది ప్రాణములను బలిగొన్నది. లాస్ ఏంజిలిస్ తెర వేసవిలో, నడియెండలో ముదురును. ప్రొద్దు వాలిన పిదప పలుచబడును. పొగకు ఎండతో పని యేమి? ఈ ప్రశ్నకు సమాధానము పొగగొట్టములను శోధించినవారికి దొరకలేదు. పండ్ల వాసనలను శోధించినవానికి దొరకెను.

చుక్కలలో చిక్కిన దోషి

1948 ప్రాంతమున నియంత్రణ సంస్థవారు హాగెన్‌స్మిట్ సహాయము కోరిరి. ఆయన అనాసపండ్లకు వాడిన పరికరమునే వాడెను. వేలకొలది ఘనపుటడుగుల పాసడీనా గాలిని చల్లని గొట్టముల గుండా పీల్చి, అందులోని ఆవిరులను గడ్డకట్టించెను. చివరకు గోధుమవన్నె గల, దుర్గంధము కొట్టు కొలది చుక్కలు మిగిలెను. వానిని పరీక్షింపగా గంధకపు పొగ ప్రధానముగా కనబడలేదు. సగము మండి, ఆమ్లజనితో కలసి మార్పుచెందిన పెట్రోలు జాతి పదార్థములు కనిపించెను. పెట్రోలు ఆవిరి వాసన ప్రతివాడును ఎరుగును; అది ఈ రీతిగా కండ్లు మండింపదు. గాలిలో దాని నేదియో మార్చుచున్నది. అది ఏది?

గాలిలో తీవ్రమైన ఆక్సీకరణశక్తి గల పదార్థమున్నదని ఆయన గ్రహించెను. అది ఓజోను. మామూలు ఆమ్లజని అణువులో రెండు పరమాణువులుండగా ఓజోనులో మూడుండును. ఆకాశమున పది, పదిహేను మైళ్ల పైన నిలిచి సూర్యుని హానికర కిరణములను అడ్డు ఓజోను మనకు రక్షకము; నేలనంటి మన ఊపిరిలోనికి వచ్చు ఓజోను ఊపిరితిత్తులను గాయపరచును. ఒక్క పదార్థమే ఉండదగిన చోట నుండిన అమృతము, ఉండరాని చోట నుండిన విషము.

ఓజోను ఉనికిని చూపుటకు ఆయన వాడిన సాధనములలో ఒకటి రబ్బరు ముక్క. వంచి కట్టిన రబ్బరును ఓజోను సోకిన మరుక్షణమునుండి కొరుకజొచ్చును. మొదటి పగులు కనబడుటకు ఎన్ని నిమిషములు పట్టినదో లెక్కించిన గాలిలో ఓజోను పాలు తెలియును. లాస్ ఏంజిలిస్ కారుల టైర్లు ఇతర ప్రాంతములకంటె త్వరగా ఏల పగులుచున్నవో కూడ దీనితో తేటపడెను. మరియొక సాధనము పాలకూర. స్మాగ్ సోకిన పాలకూర ఆకు అడుగున వెండిపూత వంటి మెరుపు కనిపించును. పిమ్మట ఆ భాగము ఎండిపోవును. పాలకూర, బీటు, ఓటు ధాన్యము, లూసర్న్ గడ్డి మొదలగు మొక్కలను గాజుగదులలో నుంచి, పెట్రోలు ఆవిరిని ఓజోనుతో కలిపి లోనికి పంపగా, పొలములలో కనిపించిన గాయములే ఆకులపై తేలెను. గంధకపు పొగ సోకిన ఆకులపై గుర్తులు వేరు. మొక్కలను చదువనేర్చినవాడు గనుక ఆ భేదము ఆయన కంట పడెను.

చివరి మెట్టు మిగిలెను: ఓజోను ఎచ్చటనుండి వచ్చుచున్నది? ఏ పొగగొట్టమునను అది లేదు. హాగెన్‌స్మిట్ పెట్రోలు ఆవిరిని, యంత్రపు వేడిలో పుట్టు నత్రజని ఆక్సైడులను గాజుపాత్రలో చేర్చి ఎండ తగులనిచ్చెను. ఓజోను పుట్టెను; రబ్బరు పగిలెను; స్మాగ్ వాసన కొట్టెను. రహస్యము తేలిపోయెను. ఎవడును ఓజోనును వదలుట లేదు. వదలిన రెండు పదార్థములనుండి ఎండ దానిని వండుచున్నది.

ఆ వంట నేటి శాస్త్రజ్ఞులు వివరించు తీరున ఇట్లుండును. గోధుమవన్నె గల నత్రజని డయాక్సైడును సూర్యకిరణము విడగొట్టును. విడివడిన ఆమ్లజని పరమాణువు గాలిలోని ఆమ్లజని అణువుతో కలసి ఓజోను అగును. మిగిలిన నత్రిక ఆక్సైడు ఆ ఓజోనును పట్టి తిరిగి డయాక్సైడుగా మారును. ఇంతవరకే అయిన పుట్టినది పుట్టినట్లే పోవలెను. కాని పెట్రోలు ఆవిరులనుండి పుట్టిన చంచల కణములు నడుమ దూరి, ఓజోనును ఖర్చుపెట్టకుండగనే నత్రిక ఆక్సైడును డయాక్సైడుగా మార్చివేయును. కొరుకువాడు లేనందున ఓజోను పోగుపడును. కావున ఉదయపు రద్దీలో వదలిన పొగ మధ్యాహ్నమునకు ఓజోనుగా మారి, గాలివాలున నున్న పరాయి ఊరి బడిపిల్లల ఊపిరి చేరును.

ప్రియమైనదానిని విడుచుట

1950లో ఈ సంగతులు ప్రకటితము కాజొచ్చెను. అప్పటికి లాస్ ఏంజిలిస్ జిల్లాలో సుమారు 20 లక్షల మోటారు వాహనములు తిరుగుచుండెను. దోషము ఒక కర్మాగారముది యనిన దానిని మూయవచ్చును. అందరిదియు ననిన ఎవ్వరికిని రుచింపదు. శుద్ధి కర్మాగారముల తొట్లనుండి లేచు ఆవిరులను కూడ హాగెన్‌స్మిట్ లెక్కలో చేర్చుటచే నూనె వ్యాపారులకు కోపము వచ్చెను. వారి ధనసహాయముతో స్మాగును పరిశోధించుచున్న స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థవారు ఆయన సిద్ధాంతమును అంగీకరింపలేదు. ఆ సంస్థ శాస్త్రజ్ఞుడొకడు పాసడీనాకే వచ్చి, హాగెన్‌స్మిట్ పనిచేయు విద్యాసంస్థలోనే ఉపన్యసించుచు, ఆయన ప్రయోగములు తప్పని సభాముఖమున చెప్పెను. హాగెన్‌స్మిట్ ఆ సభలో శ్రోతయై కూర్చుండియుండెను.

అదివరకు స్మాగ్ పని ఆయనకు నడుమ వచ్చిన పని. సంస్థవారు అడిగిన ప్రశ్నకు బదులు చెప్పి తిరిగి పండ్ల పరిమళములకు మరలిపోదమనియే ఆయన తలంపు. ఆ సభ పిమ్మట ఆ తలంపు మారెను. తాను విడిచిపోయినచో ప్రయోగము వాదమున మునిగిపోవునని ఆయనకు తోచెను. మొక్కల పరిశోధనలను ఇతరులకు వదలి, తన ప్రయోగశాలను, తన కాలమును స్మాగునకు అప్పగించెను. శాస్త్రజ్ఞునకు ఇది చిన్న త్యాగము కాదు. ఇరువది యేండ్ల కృషిచే సంపాదించిన పేరు ఒక రంగమున నుండగా, ఎదురుగాలి వీచు మరియొక రంగమున మొదటినుండి అడుగు లెత్తవలెను. ఆయన కోపము మాటలలో వెలువడలేదు. మరికొన్ని ప్రయోగములుగా వెలువడెను. ప్రత్యర్థి నమ్మనిదానిని తిరిగి చేసి చూపుటయే ఆయన ప్రత్యుత్తరము.

జిల్లా పాలకమండలి సభ్యుడు కెనెత్ హాన్ 1953లో మోటారు కంపెనీలకు ఉత్తరములు వ్రాయ మొదలిడెను. కారు పొగ గాలిలో త్వరగా చెదరిపోవుననియు, కాలుష్య సమస్య కాజాలదనియు ఫోర్డు కంపెనీనుండి బదులు వచ్చెను. కాని ఇతర ప్రయోగశాలలు కూడ పరీక్షలు సాగించెను. నగరపు గాలిలో ఓజోను ఉన్నదని పరారుణ కిరణ యంత్రములు చూపెను. కండ్లు మండించి ఆకులకు వెండిపూత పూయు పెరాక్సీఅసిటైల్ నైట్రేటు అను ద్రవ్యమును స్టీఫెన్స్ మొదలగువారు గుర్తించిరి. అదియు హాగెన్‌స్మిట్ చూపిన ఎండవంటలో పుట్టినదే. 1950-60 దశకపు ఉత్తరార్ధమునకు సిద్ధాంతముపై వివాదము చాలవరకు అణగెను. మిగిలినది ఆచరణ.

ప్రయోగశాలనుండి శాసనమునకు

1957లో లాస్ ఏంజిలిస్ పెరళ్లలో చెత్త కాల్చు పొయ్యిలను నిషేధించిరి. 1960లో కాలిఫోర్నియా రాష్ట్రము మోటారు వాహన కాలుష్య నియంత్రణకు ఒక మండలిని స్థాపించి హాగెన్‌స్మిట్‌ను సభ్యునిగా చేసెను. ఇంజను అడుగుపెట్టెనుండి వెలువడు ఆవిరులను తిరిగి ఇంజనులోనికే పంపు అమరిక 1963 నమూనా కారులకు తప్పనిసరి యయ్యెను. 1966 నమూనాలనుండి వెనుకగొట్టపు పొగకు హద్దు లేర్పడెను. 1967లో చేసిన చట్టముచే రాష్ట్ర వాయువనరుల మండలి పుట్టెను. 1968లో దానికి మొదటి అధ్యక్షుడుగా గవర్నరు రోనాల్డ్ రీగన్ హాగెన్‌స్మిట్‌ను నియమించెను.

అధికారము చేతికి వచ్చిన తరువాత కష్టము తగ్గలేదు. హైడ్రోకార్బనులను తగ్గించుటకై ఇంజనులలో చేసిన మార్పులవలన 1966 తరువాతి కారులలో నత్రజని ఆక్సైడులు పెరిగెను. ఎండవంటకు రెండు దినుసులు కావలెనని చెప్పినవాడే ఆయన. ఒకదానిని తగ్గించి రెండవదానిని పెంచుట ఆయనకు సమ్మతము కాదు. ఆ కారులకు వెనుకనుండి అదనపు పరికరము బిగించు పథకముపై వాహనస్వాములనుండి, రాజకీయులనుండి తీవ్రమైన వ్యతిరేకత వచ్చెను. వివాదముల నడుమ 1973తో ఆయన అధ్యక్షత ముగిసెను. ఆ యేటనే అమెరికా ప్రభుత్వము ఆయనకు జాతీయ విజ్ఞాన పతకమును ఇచ్చి గౌరవించెను.

కాలిఫోర్నియా త్రొక్కిన బాటను తరువాత దేశమంతయు అనుసరించెను. 1969లో కేంద్ర న్యాయశాఖ మోటారు కంపెనీలు కుమ్మక్కై కాలుష్య నివారణ పరికరములను ఆలస్యము చేసినవని అభియోగము తెచ్చి, ఒడంబడికతో ముగించెను. 1970లో స్వచ్ఛవాయు చట్టము వచ్చెను. 1975 నమూనాలనుండి పొగను శుద్ధిచేయు ఉత్ప్రేరక పేటికలు కారులకు చేరెను. ఆ పేటికలు వాహనములలో తిరుగుచుండగా హాగెన్‌స్మిట్ 1977 మార్చి 17వ తేదీన పాసడీనాలో ఊపిరితిత్తుల క్యాన్సరుతో కన్నుమూసెను. ఎల్ మాంటీ పట్టణమందలి మండలివారి వాహన పరీక్షాశాలకు ఆయన పేరు పెట్టిరి. స్వచ్ఛవాయువుకై కృషి చేసినవారికి 2001నుండి ఆయన పేర బహుమానము లిచ్చుచున్నారు.

కార్చిచ్చు చెప్పు పాఠము

లాస్ ఏంజిలిస్ గాలిలో నేటి ఓజోను 1950-60 దశకపు పాళ్లతో పోల్చిన సగముకంటె ఎంతో తక్కువ. జనమును వాహనములును ఎన్నో రెట్లు పెరిగినను ఇది సాధ్యమైనది. అయినను అమెరికా ప్రభుత్వము 2015లో నిర్ణయించిన ప్రమాణమును, అనగా ఎనిమిది గంటల సగటున పది లక్షల పాళ్లకు 0.070 పాలు మించరాదను హద్దును, ఆ నగరము ఇంకను అందుకొనలేదు. దీనికి తోడు పాత శత్రువు కొత్త బలముతో వచ్చినది. అది కార్చిచ్చు. 2020లో కాలిఫోర్నియాలో 40 లక్షల యెకరములకు పైగా దగ్ధమయ్యెను. ఆ సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టపగలు ఆకాశము నారింజవన్నెగా మారెను. 2025 జనవరిలో ఈటన్ మంట పాసడీనాను ఆనుకొని యున్న ఆల్టడీనాలో వేలాది కట్టడములను బూడిద చేసెను. హాగెన్‌స్మిట్ గాలిని పట్టి శోధించిన చోటికి ఆ పొగ చేరెను.

అడవి మంటలో కంటికి కానవచ్చునది మసి. ఆ మసిలోని అతిసూక్ష్మ రేణువులు ఊపిరితిత్తుల లోతునకు దిగును. కంటికి కానరానిది మరియొకటి కలదు. మండుచున్న చెట్లనుండి ఆవిరులును నత్రజని ఆక్సైడులును లేచును. సరళవృక్షముల టర్పెంటైనును జాతి జాతికి పరీక్షించిన ఆచార్యునకు ఆ ఆవిరులు అపరిచితములు కావు. దట్టమైన పొగ క్రింద ఎండ చొరకపోవుటచే ఓజోను అంతగా పుట్టదు. పొగ గాలివాలున నూరుల మైళ్లు పోయి, పలుచబడి, నగరములపై వాహనముల నత్రజని ఆక్సైడులతో కలసినప్పుడు ఓజోను పెరుగును. అడవి ఒక దినుసును, ఊరు ఒక దినుసును తెచ్చును, వండునది ఎండయే. కావున పొగ తీసివేసినట్లు కనిపించు నీలాకాశపు మధ్యాహ్నము కూడ ఉబ్బసపు రోగికి ఆపద కావచ్చును. గాలి బాగున్నదనుటకు కంటిచూపు చాలదు, కొలత కావలెను.

ఈ రసాయనశాస్త్రమునకు దేశభేదము లేదు. 2009లో మన దేశమున ప్రకటించిన వాయు ప్రమాణములలో ఓజోనునకు కూడ హద్దు కలదు: ఎనిమిది గంటల సగటున ఘనమీటరునకు 100 మైక్రోగ్రాములు. హైదరాబాదునకును విశాఖపట్టణమునకును ఆ హద్దు వర్తించును. మన వేసవి యెండ కాలిఫోర్నియా యెండకు తీసిపోదు. వాహనముల రద్దీయు తీసిపోదు. బడులలో ఓజోనును బోధించునప్పుడు ఆకాశమున నుండు రక్షకపు పొరతో ఆగక, నేలనంటి పుట్టు విషమును గూర్చియు చెప్పుట మంచిది. వేసవి మధ్యాహ్నము ఆటలపోటీలు పెట్టరాదనుటకు వడదెబ్బ ఒక్కటియే కారణము కాదని పిల్లలకు తెలియును.

హాగెన్‌స్మిట్ చరిత్రలో విద్యార్థి నేర్వదగినది రసాయన సూత్రముల కంటె ముఖ్యమైనదొకటి కలదు. ఆయన తేల్చిన నిజము ఆయన కారుకు కూడ వర్తించునది. ఇతరులను నిందించు నిజము లోకమునకు త్వరగా నచ్చును; అందరిని, తనను కూడ, లెక్కలోనికి తెచ్చు నిజమునకు సాక్ష్యము ఎక్కువ కావలెను, ఓపిక అంతకంటె ఎక్కువ కావలెను. ఆ రెండింటిని సమకూర్చుటకై ఆయన పరిమళములను విడిచి పొగను ఎన్నుకొనెను. టంకశాలలో తండ్రి లోహమును పరీక్షించినట్లు ఆయన గాలిని పరీక్షించి, మేలిమి ఎంతయో, కల్తీ ఎంతయో నిర్మొగమాటముగా చెప్పెను. ఆ లెక్క చూచి దిద్దుకొనుట ఆ నగరమునకు ఎంతో కాలము పట్టెను. దిద్దుకొన్నంతమేరకు దాని పిల్లలు సుఖముగా ఊపిరి పీల్చుచున్నారు.